ప్రభుత్వం వారి వినే పెట్టె

మా ఊరి సముద్రంలో చేపలు లేవని ప్రభుత్వం నిర్ధారించిన రోజున మా అమ్మ ఇంటి ముందు ఇసుకలో పాత వల పరిచి, కాకులు వాలకుండా కర్ర పట్టుకుని, కానాగంత చేపలు ఎండబెడుతోంది. ఆ నిర్ధారణ జరిగింది మా ఇంట్లోనే, మా మంచం మీదే. నిర్ధారించిన పెద్దమనిషికి ఆ మధ్యాహ్నం అన్నం పెట్టింది కూడా మా అమ్మే. అందుచేత జరిగింది జరిగినట్టు రాసే హక్కు నాకు కొంత ఉందనుకుంటున్నాను.

మాది దిబ్బవానిపాలెం. మా నాన్న సూరాడ మసేను ఇంజను బోటు మీద వేటకు వెళ్తాడు. వెళ్తే నాలుగైదు రోజులకు గాని ఒడ్డు చూడడు. బోట్లలో వైర్‌లెస్ సెట్లు ఉంటాయి. సముద్రం మీద ఒకరితో ఒకరు వాటిలోనే మాట్లాడుకుంటారు. ఒడ్డున అలాంటి సెట్టు మత్స్యకారుల సంఘం ఆఫీసులో ఒక్కటే ఉంది. ప్రెసిడెంటు గురువులు దాన్ని కిటికీ లోపల పెట్టుకుని కూర్చుంటాడు. నాన్న వెళ్ళిన మర్నాటి నుంచి అమ్మ ఆ కిటికీ దగ్గరకు తిరుగుతుంది.

"గురువులు మావా, ఆయన గొంతు ఇనబడ్డాదేటి?"

"ఇనబడ్డాదిలేయే. బాగానే ఉన్నాడు. ఎల్లి కూడొండుకో."

అంతే. ఏం మాట్లాడాడో, గొంతు బొంగురుగా ఉందో, దగ్గుతున్నాడో ప్రెసిడెంటు చెప్పడు. అమ్మ ఇంటికొచ్చి నన్ను అడుగుతుంది, "నిజంగానే ఇన్నాడంటావా, నన్ను పంపించీడానికి అలాగన్నాడంటావా?" అని. నేను ఏమీ చెప్పను. నేను మామూలుగానే ఎవరికీ ఏమీ చెప్పను. బడిలో హాజరు పిలిచినప్పుడు పలికే మాట తప్పిస్తే నా గొంతు మా మాస్టారు ఎప్పుడూ వినలేదు. చెప్పాల్సినవన్నీ డైరీలో రాసుకుంటాను.

అలాంటి రోజుల్లో మా ఊరికి స్కానరు వచ్చింది.

అది ఇటుకంత నల్లటి పెట్టె. ఇంటి మీద ఒక కడ్డీ పాతి, తీగ కిందికి లాగి దీనికి తగిలిస్తే, సముద్రం మీద బోట్లవాళ్ళు మాట్లాడుకునే మాటలన్నీ ఇంట్లో వినపడతాయి. మనం మాత్రం తిరిగి మాట్లాడలేం. ఊళ్ళో అందరూ దాన్ని వినే పెట్టె అన్నారు. వేటకు వెళ్ళే ప్రతి ఇంటికీ ఒకటి కొనివ్వాలని పైన ఎవరికో మంచి ఆలోచన వచ్చింది. అయితే ఒక్కో పెట్టె ఖరీదు దాదాపు బోటు ఇంజనంత. అంత డబ్బు పోసి కొనాలా వద్దా అన్నది తేల్చడానికి ముందుగా ఒక ఇంట్లో ఒక పెట్టె పెట్టి చూడాలనుకున్నారు. మా ఇంటినే ఎంచుకున్నారు. కారణం, మంచం పక్కనే ప్లగ్గు ఉన్న ఇల్లు మా వీధిలో మాదొక్కటే.

పెట్టెతో పాటు చక్రపాణి గారు వచ్చారు. ఆయన హోదా గృహ శ్రవణ పరిశీలనాధికారి. రోజూ పదింటికి వచ్చి అయిదింటి దాకా మా మంచం మీద కూర్చుని వినడం ఆయన ఉద్యోగం. వచ్చిన రోజు అమ్మనూ నన్నూ ఎదురుగా నిలబెట్టి ఇలా చెప్పారు:

"అమ్మా, ప్రస్తుతం ఈ యంత్రం మీ గృహమందు పరిశీలన నిమిత్తం మాత్రమే ఉంచబడినది. దీనివలన ప్రయోజనం కలదని రుజువైనచో కొనుగోలు గురించి ఆలోచించబడును. ప్రయోజనం లేదని తేలినచో తగు చర్య తీసుకొనబడును. అంతవరకు దీనిని ఎవరూ కదిలించరాదు."

"దీంట్లో మా ఆయన మాటాడతాడా బాబూ?" అంది అమ్మ.

"మాట్లాడవచ్చును."

అమ్మకు అంతకన్నా అక్కర్లేదు. పెట్టె పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. మీట తిప్పడం నాకు అప్పగించారు. చక్రపాణి గారికి కరెంటు వస్తువులంటే భయం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతే గనక ఎవరూ ఎవరికీ చెప్పరు. బోటు వైర్‌లెస్‌లో చేపల గురించి ఎవరూ నిజం మాట్లాడరు. మంచి గుంపు దొరికిందని నోరు జారితే చాలు, చుట్టుపక్కల బోట్లన్నీ అక్కడికే వచ్చి వాలతాయి. అందుకని వల నిండితే "ఏటీ నేదు" అంటారు. నిజంగా ఏమీ పడకపోతే "కాసింత పడింది" అంటారు, పరువు కోసం. బాగా పడిందని మాత్రం ఎవరూ ఎన్నడూ అనలేదు. వింటున్న వాళ్ళకు అన్నీ అర్థమవుతాయి. అబద్ధం చెప్పామని చెప్పినవాడూ అనుకోడు, విన్నవాడూ అనుకోడు.

ఆ మొదటి రోజు మధ్యాహ్నం పెట్టె గరగరలాడింది. ఎల్లాజీ చిన్నాన్న గొంతు వచ్చింది.

"మసేనన్నా, ఇంటన్నావా? ఏటైనా పడ్డాదా?"

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. కాసేపటికి నాన్న గొంతు, పక్క గదిలో ఉన్నట్టు.

"ఏటి పడతాది. ఉత్త నీల్లు. ఏటీ నేదు."

"వలైనా బాగుందా?"

"వల మాటెత్తకు. దరిద్రం."

అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఒలే రత్నం, అటక మీద పెద్ద గంప దింపవే," అంది. "రెండోది కూడా దింపు. వల మాటెత్తకన్నాడంటే సిన్నది కాదు."

చక్రపాణి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇల్లాలు ఆశ చావక గంపలు దింపుకుంటోందని ఆయన అర్థం చేసుకున్నారు.

"దిగులు పడకండమ్మా," అన్నారు. "మీ పరిస్థితి ప్రభుత్వం దృష్టికి తీసుకొని వెళ్ళబడును."

"మరే బాబూ," అంది అమ్మ గంప దులుపుతూ.

ఆ నెలంతా అలాగే గడిచింది. ఆ ఏడాది మా ఊరి వాళ్ళెవరూ ఎరగనంత చేప పడింది. పెట్టెలో మాత్రం పొద్దస్తమానం ఏడుపే. ఒకడు ఈ బతుకు బతికేకంటే మేకలు కాసుకోవడం మేలంటాడు. ఇంకొకడు సముద్రం గొడ్డుపోయిందంటాడు. ఆ మాటలు విన్నప్పుడల్లా ఆడవాళ్ళు మా గుమ్మం ముందు చేరి నవ్వు ఆపుకుంటూ గంపలు సర్దుకునేవారు. చక్రపాణి గారు ఒక్కరే కన్నీళ్ళు పెట్టుకునేవారు. మంచి మనిషి, ఆ మాట ఒప్పుకోవాలి.

అమ్మకైతే పెట్టె ఒక మనిషి అయిపోయింది. నాన్న గొంతు రాగానే దానితో పోట్లాడేది. "దగ్గుతున్నావు, తల తుడుసుకోలేదు, ఎన్నిసార్లు సెప్పాలి," అనేది. "మీ సెల్లి పెళ్ళికి నన్ను పెట్టిన తిప్పలు మరిసిపోనేదు," అనేది. నాన్న ఎదురు చెప్పలేడు గనక పాతవన్నీ తీరుబడిగా అడిగేసింది. సంఘం కిటికీ దగ్గరకు వెళ్ళడం మానేసింది. నేను ఆ రోజుల్లో డైరీలో ఒకే సంగతి మళ్ళీ మళ్ళీ రాసుకున్నాను: ఈ పెట్టె మా ఇంట్లోంచి పోకూడదు.

నెలాఖరున పైనుంచి ఉత్తర్వు వచ్చింది. యంత్రం ద్వారా సేకరించిన సమాచారం మేరకు దిబ్బవానిపాలెం ఎదుట గల సముద్రమందు చేపలు లేవని నిర్ధారించడమైనది. లేని చేపలకు ఐసు అవసరం ఉండదు కాబట్టి సంఘం ఐసు ఫ్యాక్టరీకి కరెంటు ఆపడమైనది.

ఆ రోజే నాన్న బోటు ఒడ్డుకు వచ్చింది. చక్రపాణి గారు ఓదార్చడానికి స్వయంగా ఇసుకలోకి నడిచి వెళ్ళారు. నేను ఆయన గొడుగు పట్టుకుని వెనకాల వెళ్ళాను. బోటు పక్కన మోకాలెత్తు కానాగంతల కుప్ప. మీద రెండు వంజరాలు.

ఆయన చాలాసేపు ఆ కుప్పను చూశారు.

"ఇవి ఏమిటి?"

"సేపలండి," అన్నాడు నాన్న.

"చేపలన్న విషయం నేను కాదనుట లేదు. ఇవి ఎక్కడివి?"

"సముద్రంలోయి బాబూ."

"ఈ సముద్రంలో లేవని ఉత్తర్వు వచ్చి ఉన్నది. కావున ఇవి ఈ సముద్రమునకు చెందినవి అయ్యే అవకాశం లేదు. పక్క జిల్లా నుంచి తెచ్చితిరా?"

"పక్క జిల్లాకి ఎల్లాలంటే ఇంజనుకి నూనె ఎవరిత్తారు బాబూ."

"అట్లయిన రవాణా అనుమతి లేకుండా తేబడిన చేపలు అవుతాయి. నేరం." నాన్న ముఖం చూసి ఆయన మనసు కరిగింది. "సరే. మీరు పేదవారు. చేపలని రాయను. తీరమునకు కొట్టుకువచ్చిన పదార్థం అని రాస్తాను. పదార్థమునకు నేరం వర్తించదు."

"పదార్థానికి ఐసు ఇత్తారేటండి?" అన్నాడు ఎల్లాజీ చిన్నాన్న వెనక నుంచి.

"పదార్థమునకు ఐసు ఇచ్చు నిబంధన లేదు."

అందుకే అమ్మ ఆ కుప్పంతా ఎండబెట్టాల్సి వచ్చింది. వంజరాలు మాత్రం పులుసు పెట్టింది. చక్రపాణి గారు మంచం మీద కూర్చుని నిర్ధారణ పత్రం మీద చివరి సంతకం చేసి, పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, పులుసు కలుపుకుని తిన్నారు. రెండోసారి కూడా వేయించుకున్నారు.

"చాలా రుచిగా ఉన్నదమ్మా. ఏమిటిది?"

అమ్మ నా వైపు చూసింది. తర్వాత గరిటె గిన్నెలో పెట్టింది.

"ఏటీ నేదు బాబూ," అంది.

ఆయన తల ఊపి ఒక ముల్లు తీసి కంచం పక్కన పెట్టారు.

రెండు వారాలు ఐసు లేదు. ఎండబెట్టడానికి చోటు చాలక బడి మెట్ల మీద, గుడి అరుగు మీద, వాటర్ ట్యాంకు చుట్టూ పరిచారు. ఊరంతా కంపు. కొనడానికి వచ్చే లారీలు తిరిగిపోయాయి. చివరకు ఆడవాళ్ళు మా గుమ్మంలో కూర్చుని, ఆ పెద్దమనిషికి అసలు సంగతి ఎవరో ఒకరు చెప్పెయ్యాలని తీర్మానించారు.

"రత్నం సదూకుంది, దాన్ని సెప్పమను," అంది ఎల్లాజీ పిన్ని.

"దాని నోట్లో మాటుంటే మనకీ బాధెందుకు. పెళ్ళిసూపుల్లో కూడా సైగలే సేత్తాది ఇది," అంది ఇంకొకావిడ.

చెప్పకపోవడానికి నా కారణం వేరే ఉంది. ఈ పెట్టెలో వచ్చేవన్నీ అబద్ధాలని తెలిస్తే ప్రయోజనం లేదని తేలిపోతుంది. ప్రయోజనం లేకపోతే తగు చర్య. తగు చర్య అంటే ఏమిటో ఎవరికీ తెలియదు గానీ, పెట్టెను పట్టుకుపోతారని నేను అనుకున్నాను. చెప్పకపోతే చేప కుళ్ళిపోతుంది. చెబితే నాన్న గొంతు పోతుంది. అమ్మకూ ఈ సంగతి తెలుసు. తెలిసే, మర్నాడు పదింటికి టీ గ్లాసు చేతికిస్తూ తనే చెప్పేసింది.

"బాబూ, మీరేటీ అనుకోకండి. మావోళ్ళు అందులో అబద్దాలాడతారు."

"అబద్ధాలా?"

"నేదంటే ఉన్నట్టు. కాసింతంటే నేదన్నట్టు."

ఆయన టీ కింద పెట్టేశారు. నెలన్నరపాటు తను కార్చిన కన్నీళ్ళు ఆయనకు గుర్తొచ్చినట్టున్నాయి. తర్వాత మెల్లగా, ఏదో వెలుగు కనపడినట్టు, తల ఎత్తారు.

"అంటే లోపం యంత్రంలో లేదు. మనుషుల్లో ఉన్నది."

"అంతే బాబూ."

"అయితే సరిచేయవలసినది మనుషులనే."

సత్య ప్రసార ఉత్తర్వు అలా పుట్టింది. సముద్రం మీదున్న ప్రతి బోటూ గంటకొకసారి వైర్‌లెస్‌లో ఒక నిజం చెప్పాలి. అబద్ధం చెప్పినట్టు తేలితే లైసెన్సు రద్దు. నిజం ఎలా చెప్పాలో మగవాళ్ళకు సంఘం ఆఫీసులో ఒకపూట శిక్షణ ఇచ్చారు. ఎల్లాజీ చిన్నాన్న లేచి, "ఏ నిజమైనా పర్నేదా అండి?" అని అడిగాడు. "నిజమైతే చాలును," అన్నారు చక్రపాణి గారు. ఆ మాట విని మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ వారం పెట్టెలో నాన్న గొంతు ఇలా వచ్చింది.

"మసేను బోటు. ఈయాల లచ్చివారం. సముద్రంలో నీల్లున్నాయి. నీల్లలో సేపలున్నాయి. నేను బోట్లో ఉన్నాను. ఇంతే."

వెంటనే ఇంకో గొంతు. "ఎల్లాజీ బోటు. మసేను సెప్పింది నిజం."

మూడో గొంతు. "నీల్లు ఉప్పగున్నాయి. తాగి సూసేను."

చక్రపాణి గారు మంచం మీద నుంచి లేచి నిలబడిపోయారు. "నీళ్ళలో చేపలు ఉన్నాయి. విన్నారామ్మా? ఎంత సూటిగా, ఎంత స్పష్టంగా." చేపలు ఉన్నట్టు ఆ సాయంత్రమే పైకి తెలియజేశారు. ఐసు ఫ్యాక్టరీకి కరెంటు వచ్చింది. పదార్థం మళ్ళీ చేప అయ్యింది. లారీలు వచ్చాయి.

ఊరంతా సంతోషమే గానీ మగవాళ్ళకు కొత్త కష్టం మొదలైంది. గంటకొక నిజం వెతుక్కోవడం మాటలు కాదు. ఆకాశం పైనుంది, తెడ్డు చెక్కతో చేసింది, మా తాత చచ్చిపోయాడు, ఇలాంటివన్నీ మొదటి వారంలోనే అయిపోయాయి. ఒకసారి చెప్పిన నిజం మళ్ళీ చెప్పకూడదని ఇంకో నిబంధన వచ్చింది. వల లాగాల్సిన వేళ నిజం ఆలోచిస్తూ కూర్చుంటున్నామని అందరూ విసుక్కున్నారు. ఎక్కడ పడిందో ఎంత పడిందో చుట్టాలకు మాత్రం తువ్వాళ్ళు ఊపి చెప్పుకునేవారు. ఆ తువ్వాళ్ళతో కూడా అబద్ధాలే చెప్పుకునేవారని విన్నాను.

అమ్మ కూడా సంతోషంగా లేదు. "నీల్లున్నాయంట. నాకు తెల్దేటి? గంప దింపాలో వద్దో సెప్పడు," అని పెట్టె మీద అలిగింది.

కానీ ఒక రోజు, నిజాలన్నీ అయిపోయాక నాన్న ఇలా అన్నాడు:

"మసేను బోటు. ఇంటికాడ కట్టిచ్చిన సింతకాయ పచ్చడి ఐపోయింది. బాగుంది. ఇది నిజం."

పెళ్ళయినప్పటి నుంచి నాన్న ఆ పచ్చడి బాగుందని అనలేదు. అమ్మ ముక్కాలి పీట మీద నుంచి లేచి, పెట్టె మీద పడిన దుమ్ము చెంగుతో తుడిచింది. చక్రపాణి గారు పచ్చడి బాగున్నట్టు రాసుకున్నారు.

పరిశీలన దిగ్విజయంగా ముగిసిందని ఆయన ప్రకటించింది మార్చి చివర్లో.

"శుభవార్తమ్మా. యంత్రము వలన ప్రయోజనం కలదని పైవారు ప్రాథమికంగా అంగీకరించారు. సంచాలకుల వారి కమిటీ స్వయంగా వచ్చి ఒక్కసారి వింటుంది. వారికి నాలుగు మాటలు వినపడితే చాలును, కొనుగోలు ఖాయం."

"ఐతే ఇంటికొకటి ఇచ్చేత్తారా బాబూ?"

"ఇళ్ళకు కాదమ్మా. ఇంత విలువైన వస్తువును ఇళ్ళలో ఉంచుట సమంజసం కాదని తేలినది. జిల్లా కేంద్రంలో శ్రవణ భవనం కట్టి అన్నింటినీ అక్కడ ఏసీ గదిలో పెడతారు. ఈ యంత్రాన్ని కూడా అక్కడికే తీసుకుపోతారు. మీ తరఫున అధికారులే విని, మీ ఇంటాయన ఏమన్నదీ మీకు ఉత్తరం ద్వారా తెలియజేస్తారు."

అమ్మకు కొంతసేపు అర్థం కాలేదు.

"నా మొగుడు మాటాడింది నాకు ఉత్తరం రాత్తారా?"

"రిజిస్టర్డు పోస్టులో," అన్నారు ఆయన భరోసాగా.

ఆయన వెళ్ళాక అమ్మ వంట చెయ్యలేదు. నేను పెట్టె తీగ వైపు చూశాను, కడ్డీ వైపు చూశాను. తీగ పీకేద్దామా అనుకున్నాను. కదిలించరాదని చెప్పిన వస్తువును కదిలించే ధైర్యం నాకు లేకపోయింది. బాగా పనిచేస్తే పెట్టె పోతుంది, పనిచెయ్యకపోతే ఏమవుతుందో తెలియదు. అదొక్కటే మాకు మిగిలిన ఆశ.

కమిటీ వారికి వీలు చిక్కి, జీపులకు నూనె మంజూరై, వచ్చేసరికి మే నెల వచ్చింది. చక్రపాణి గారు అప్పటికి వినడంలో పైస్థాయి శిక్షణ కోసం రాజధానికి వెళ్ళారు. ఇద్దరు సభ్యులతో సంచాలకుల వారే వచ్చారు. బరువైన మనిషి. ఇసుకలో నడవలేక ఒడ్డున లాగిపెట్టిన బోట్ల మీద చేతులు ఆనించుకుంటూ వచ్చారు. మా ఊరి బోట్లన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కటి కూడా నీళ్ళలో లేదు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం. ఆ నిషేధం ఉత్తర్వు మా సంఘం ఆఫీసు గోడ మీద అంటించి ఉంది. దాని కింద ఉన్న సంతకం ఈ సంచాలకుల వారిదే.

నాన్న మా వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. పక్కనే ఎల్లాజీ చిన్నాన్న, ఇంకో నలుగురు. ఏదో మాటకు నవ్వుకుంటున్నారు.

సంచాలకుల వారు గుమ్మంలో ఆగి వాళ్ళ వైపు చెయ్యి ఊపారు. "కాస్త నిశ్శబ్దంగా ఉండండయ్యా. అటు పక్కకు జరగండి. లోపల మేము మత్స్యకారుల మాటలు వినవలసి ఉన్నది."

నాన్న ఎల్లాజీ చిన్నాన్న వైపు చూశాడు. అందరూ వలలు ఎత్తుకుని గోడ పక్కకు జరిగి, నోరు మూసుకుని కూర్చున్నారు.

కమిటీ వారు మంచం మీద వరసగా కూర్చున్నారు. ప్రెసిడెంటు గురువులు చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను మీట తిప్పాను. పెట్టెలో సన్నటి హోరు తప్ప ఏమీ లేదు. ఇంకో పక్కకు తిప్పాను. అదే హోరు. సభ్యులిద్దరూ కళ్ళు మూసుకుని విన్నారు. బయట కాకులు అరిచాయి. గంట గడిచింది.

"ప్రతి గంటకూ నిజం చెబుతారని రాశారే," అన్నారు సంచాలకుల వారు.

"గంటైందండి," అన్నాడు ఒక సభ్యుడు.

"నిజం రాలేదు."

"రాలేదండి."

సంచాలకుల వారు ప్రెసిడెంటు వైపు తిరిగారు. గురువులు తలుపు గొళ్ళెం మీదున్న తుప్పు గోకుతున్నాడు. ఈ కమిటీ ఏమీ వినకుండా వెళ్ళిపోతే గంటకొక నిజం చెప్పే పీడ వదులుతుందని ఊళ్ళో ప్రతి మగవాడికీ తెలుసు. ఆయన అమ్మ వైపు తిరిగారు. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చివరకు ఆయన చూపు నా మీదకు వచ్చింది.

"పాపా, చదువుకున్నదానివి. నువ్వు చెప్పు. రోజూ ఈ మీట తిప్పేది నువ్వే కదా. ఈ మధ్య ఇందులో ఏమైనా వినపడుతున్నదా?"

గుమ్మం బయట గోడ పక్క నుంచి ఆరుగురు మగవాళ్ళు లోపలికి తొంగి చూస్తున్నారు. నాన్న చేతిలో వల కుట్టే సూది ఆగిపోయింది. వేట లేదండి, బోట్లు బయటే ఉన్నాయి, మీరు వాటిని పట్టుకునే వచ్చారు, నిషేధం మీద సంతకం మీదేనండి, ఇన్ని మాటలు నా గొంతు దాకా వచ్చాయి. అన్నీ నిజాలే.

నేను తల దించుకున్నాను.

"ఏమీ లేదండి," అన్నాను.

గోడ పక్క ఎల్లాజీ చిన్నాన్నకు దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు.

సంచాలకుల వారు అక్కడికక్కడే తీర్మానం చెప్పారు. సభ్యులు రాసుకున్నారు. ఇట్టి యంత్రము మత్స్యకారుల మాటలను వినుటకు పనికిరాదని ప్రత్యక్షంగా తేలినది. కొనుగోలు ప్రతిపాదన విరమించడమైనది. శ్రవణ భవనం అవసరం లేదు. వినుటకు సాధనమే లేనందున సత్య ప్రసార ఉత్తర్వు కూడా రద్దు.

"మరి ఈ పెట్టెనేటి సేత్తారండి?" అన్నాడు గురువులు.

"పనికిరాని వస్తువును ప్రభుత్వ వాహనంలో తీసుకువెళ్ళుటకు వీలు లేదు. వేలం వేయు వరకు ఉన్నచోటనే ఉండును. ఎవరూ కదిలించరాదు." ఒక సభ్యుడు పెట్టె నెత్తిన చీటీ అంటించాడు. ఎర్ర సిరాతో, "పనికిరాదు" అని.

వాళ్ళు బోట్ల మీద చేతులు ఆనించుకుంటూ జీపుల దాకా నడిచి వెళ్ళారు. జీపుల చప్పుడు పోయింది. తర్వాత నాన్న లోపలికి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఏటి సెప్పేవే ఆలకి?"

"ఏటీ నేదని."

నాన్న నన్ను పైనుంచి కింద దాకా చూశాడు, బోటు మీదకు కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు. "మసేను కూతురివి కాదన్నోడెవడు," అని వల ఎత్తుకుని మళ్ళీ వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

జూన్ మధ్యలో నిషేధం తీసేశారు. బోట్లన్నీ ఒకే తెల్లవారుజామున నీళ్ళలోకి దిగాయి. వేలం మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. చీటీ అలాగే ఉంది. పెట్టె మీద సరిగ్గా దీపం బుడ్డి పట్టేంత చోటు ఉందని అమ్మ ఒకటి పెట్టుకుంది. మూడోనాటి సాయంత్రం పెట్టె గరగరలాడింది.

"మసేనన్నా, ఏటైనా పడ్డాదా?"

"ఏటి పడతాది. ఉత్త నీల్లు. ఏటీ నేదు."

"మరి కూడెలా తింటన్నావు?"

"ఇంటికాడి పచ్చడి బోల్డుంది," అన్నాడు నాన్న. "తినలేక సత్తన్నాను."

నేను అటక మీద నుంచి పెద్ద గంప దింపాను. అమ్మ పచ్చడి జాడీ దింపింది.